తగవు తీరని సూదంటురాళ్లు – తటస్థ సాక్షి న్యూట్రాను

మన గ్రామములలో మైలుతుత్తమును ఎరుగని రైతు ఉండడు. నీలపు రంగు పలుకులుగా దొరకు ఈ వస్తువును సున్నముతో కలిపి, బోర్డో మిశ్రమముగా చేసి, నిమ్మ, ద్రాక్ష, తమలపాకు తోటలకు తెగుళ్లు సోకకుండ చల్లుట వాడుక. ఆ తుత్తపు పలుకులో కంటికి కానరాని సూదంటురాళ్లు కోటానుకోట్లు బారులు తీరియున్నవనియు, అవి ఒకదానితో నొకటి ఎట్లు వ్యవహరించునో తెలిసికొనుటకు ఫ్రాన్సు దేశమున ఒక అణు రియాక్టరు చెంత శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేసిరనియు చెప్పినచో, వినువారికి వింతగా తోచవచ్చును.

ఇట్టి రియాక్టరులు ఏ దేశమునందైనను ప్రజల ధనముతోనే నడచును. ప్రజల ధనమునకు లెక్క చెప్పవలసిన బాధ్యత ఎట్టిదో పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. కావున “ఇందువలన ఏమి తెలిసినది? ఎట్లు తెలిసినది? దీని ప్రయోజన మేమి?” అని అడుగు హక్కు వారికి పూర్తిగా కలదు. ఈ మూడు ప్రశ్నలకును ఈ వ్యాసమున సమాధానము చెప్పుచున్నాము.

పరమాణువే ఒక సూదంటురాయి

రాగి బిందెకు సూదంటురాయి అంటుకొనదు. అయినను రాగి పరమాణువునకు కొన్ని పరిస్థితులలో అయస్కాంత గుణము కలుగును. రాగి లోహమున వెలుపలి ఎలక్ట్రానులు ఉమ్మడి సొత్తువలె అంతటను తిరుగాడుచుండును. తుత్తమున అట్లు కాదు. అచ్చట ప్రతి రాగి పరమాణువును రెండు ఎలక్ట్రానులను ఇతర పరమాణువులకు ఇచ్చివేయును. మిగిలిన వానిలో ఒకటి జంటలేక ఒంటరిగా నిలిచిపోవును. ప్రతి ఎలక్ట్రానును స్పిన్ అను గుణము వలన ఒక చిన్న సూదంటురాయి. రెండు జంటపడినపుడు ఒకదాని బలమును మరొకటి రద్దుచేయును. ఒంటరి ఎలక్ట్రాను గల పరమాణువు మాత్రము తానే సూదంటురాయి యగును.

పక్కపక్కనున్న ఇట్టి పరమాణువులు ఒకదాని నొకటి పట్టించుకొనక ఉండవు. నడుమ నున్న పరమాణువుల ద్వారా వాని ఎలక్ట్రానుల నడుమ ఒక లంకె ఏర్పడును. ఇనుములో ఈ లంకె వలన పొరుగు సూదంటురాళ్లన్నియు ఒకే దిక్కునకు తిరుగును. అందుచేతనే ఇనుము పైకి అయస్కాంతముగా కనబడును. కాని పెక్కు పదార్థములలో పొరుగువాడు ఉత్తరమునకు తిరిగిన, తాను దక్షిణమునకు తిరుగవలెననునదియే ధర్మము. ఇట్టి ఎదురుముఖపు అమరికను ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ 1930ల దశకమున ఊహించి చెప్పెను. సగము అటు, సగము ఇటు తిరిగి యుండుటచే ఇట్టి పదార్థము పైకి అయస్కాంతముగా కానరాదు.

ముగ్గురిలో మూడవవాని చిక్కు

ఎదురుముఖపు ధర్మము ఇద్దరు పొరుగువారి నడుమ సులభముగా సాగును. నలుగురు చతురస్రపు నాలుగు మూలలయందు ఉన్నను సాగును. త్రికోణమునకు మూడు మూలలయందు ముగ్గురున్నచో చిక్కు వచ్చిపడును. మొదటివాడు ఉత్తరమునకు, రెండవవాడు దక్షిణమునకు తిరిగిరనుకొందము. మూడవవాడు మొదటివానికి ఎదురుగా తిరిగిన రెండవవానితో ఏకమగును. రెండవవానికి ఎదురుగా తిరిగిన మొదటివానితో ఏకమగును. ఎట్లు తిరిగినను ఒక పొరుగువాని విషయమున ధర్మము తప్పును. ఇందు ఎవరి దోషమును లేదు. తగవు వారి స్వభావములో లేదు, వారు నిలిచిన స్థలములలో ఉన్నది. ఇట్టి పదార్థములకు శాస్త్రజ్ఞులు “ఫ్రస్ట్రేటెడ్” అయస్కాంతములని పేరిడిరి. మనము వీనిని తగవు తీరని అయస్కాంతములని చెప్పుకొనవచ్చును.

దీనికి మరొక పరిస్థితి తోడగును. కొన్ని స్ఫటికములలో పరమాణువుల లంకె ఒక్క వరుస వెంబడి మాత్రమే బలముగా ఉండును. మరికొన్నిటిలో ఒక్క పొరలో మాత్రమే ఉండును. వీనిని అల్పమితి అయస్కాంతములందురు. నలుదిక్కుల కట్టుగొయ్యలు గల పందిరి గాలికి నిలుచును. ఒంటి గుంజ ఊగులాడును. అట్లే చుట్టును పెక్కుమంది పొరుగువారు గల పరమాణువు ఒక దిక్కున స్థిరపడును. ఇద్దరే పొరుగువారు గల పరమాణువు తేలికగా చలించును. తగవును, ఈ ఒంటితనమును ఒకచోట కూడినపుడు, ఎంత చల్లబరచినను సూదంటురాళ్లు ఒక అమరికకు రాక, ద్రవమువలె సదా చలించుచుండవచ్చునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఫిలిప్ ఆండర్సన్ 1973లో ప్రతిపాదించెను. ఈ స్థితికి స్పిన్ ద్రవమని పేరు. అది నిజముగా కలదా యనునదియే ఈ శాస్త్రమున పెద్ద ప్రశ్న.

పక్షము వహింపని సాక్షి

ఇంత సూక్ష్మమైన వ్యవహారమును విచారించుటకు సాక్షి ఎవరు? సాక్షి స్ఫటికము లోపలికి పోగలిగి యుండవలెను. అచ్చటి సూదంటురాళ్లను గుర్తింపగలిగి యుండవలెను. వాని నడవడిని పూర్తిగా తారుమారు చేయకుండ బయటికి రావలెను. ఈ గుణములన్నియు గలది న్యూట్రాను అను కణము. దీనిని బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జేమ్స్ చాడ్విక్ 1932లో కనుగొనెను. దీనికి ధన విద్యుత్తు గాని ఋణ విద్యుత్తు గాని లేదు. తటస్థమగుట చేతనే దానికి ఆ పేరు వచ్చినది. విద్యుత్ బలములు దానిని అడ్డగింపవు. కావున అది స్ఫటికము లోపలికి సులభముగా చొచ్చుకొనిపోవును. విద్యుత్తు లేకున్నను న్యూట్రాను తానును ఒక చిన్న సూదంటురాయియే. కావున దారిలో ఎదురైన పరమాణు సూదంటురాళ్లను గుర్తించి దారి మార్చుకొనును. ఇట్లు దారి మార్చుకొనుటను పరిక్షేపణము అందురు.

రియాక్టరులో పుట్టిన న్యూట్రానులు మహావేగము గలవి. వానిని నీటి ద్వారా గాని భారజలము ద్వారా గాని పంపి నెమ్మదింపజేయుదురు. అప్పుడు వాని వేగము సెకనుకు సుమారు 2,200 మీటర్లకు దిగును. ఆ వేగమున వాని తరంగపు పొడవు స్ఫటికములోని పరమాణువుల ఎడముతో ఇంచుమించు సరిపోవును. వాని శక్తి పరమాణు సూదంటురాళ్లను కదలించుటకు పట్టు శక్తితో సరిపోల్చదగి యుండును. ఎక్సురే కిరణములకు మొదటి గుణము కలదు గాని, వాని శక్తి అనేక వేల రెట్లు అధికము. కట్టెలు తూచు కాటాపై బంగారము తూచుట ఎంత కష్టమో, వానితో ఈ స్వల్ప శక్తులను కొలుచుట అంత కష్టము.

సాక్ష్యము తీసికొను విధము ఇట్టిది. ఒకే వేగము గల న్యూట్రానులను ఏరి స్ఫటికముపైకి పంపుదురు. బయటికి వచ్చినపుడు అవి ఏ దిక్కునకు తిరిగినవో, ఎంత వేగము కోల్పోయినవో కొలుచుదురు. కోల్పోయిన వేగమును బట్టి, లోపల సూదంటురాళ్లను కదలించుటకు ఎంత శక్తి ఖర్చయినదో తెలియును. తిరిగిన దిక్కును బట్టి, ఆ కదలిక స్ఫటికములో ఏ ఎడముతో అలవలె సాగినదో తెలియును. ఈ రెండు లెక్కలను కలిపినచో పొరుగువారి లంకె ఎంత బలమైనదో తేలును. అమెరికాలో క్లిఫర్డ్ షల్, కెనడాలో బెర్ట్రమ్ బ్రాక్‌హౌస్ ఈ పద్ధతులకు పునాది వేసిరి. నీల్ ఊహించిన ఎదురుముఖపు అమరికను మాంగనీసు ఆక్సైడులో 1949లో షల్ తన సహచరునితో కలిసి న్యూట్రానుల ద్వారా ప్రత్యక్షముగా చూపెను. షల్, బ్రాక్‌హౌసులకు 1994లో నోబెల్ బహుమతి లభించినది.

తుత్తము చెప్పిన సంగతి

ఇక మైలుతుత్తమునకు వత్తము. అందులోని రాగి పరమాణువులలో సగము పూసల దండలవలె వరుసలు కట్టియుండును. దండలో లంకె బలముగా ఉండును. దండకు దండకు నడుమ అతి స్వల్పముగా ఉండును. త్రికోణపు తగవు లేకున్నను, అల్పమితి అయస్కాంతమునకు ఇది చక్కని ఉదాహరణము.

తూర్పు, పడమర, తూర్పు, పడమరగా ముఖములు త్రిప్పి వరుసగా నిలిచిన జనమును ఊహింపుడు. నడుమ నున్న ఒకనిని వెనుకకు త్రిప్పినచో, అతనికి ఇరువైపుల రెండు చోట్ల పొరుగువారు ఏకముఖులగుదురు. పక్కనున్న ఇద్దరు తమ ముఖములను పరస్పరము మార్చుకొన్నచో ఆ రెండు పొరపాట్లలో ఒకటి దూరమునకు జరుగును. ఇట్లు ఒక త్రిప్పుడు రెండు సగములుగా చీలి, రెండును వేర్వేరు దారులు పట్టును. ఈ సగములకు స్పినానులని పేరు. న్యూట్రాను ఇచ్చిన శక్తిని అవి ఎట్లైనను పంచుకొనవచ్చును. కావున సాక్ష్యములో ఒకే నియతమైన శక్తికి బదులు, విశాలమైన పట్టీవలె అనేక శక్తులు కనబడును.

మార్టిన్ మూరిగాల్, హెన్రిక్ రొన్నో ప్రభృతులు ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమందలి రియాక్టరు వద్ద తుత్తపు స్ఫటికములను పరమశూన్యమునకు అతి చేరువగా చల్లబరచి, ఈ పట్టీని జాగ్రత్తగా కొలిచి, ఫలితములను 2013లో ప్రకటించిరి. సిద్ధాంతము ప్రకారము సాక్ష్యములో సుమారు 73 శాతము స్పినానులు రెండేసిగా కలిగించునది; మిగిలిన దానిలో అధిక భాగము నాలుగేసిగా కలిగించునది. వారు కొలిచినది ఈ లెక్కకు చక్కగా సరిపోయినది. అంత నమ్మకముగా చెప్పుటకు వారికి ఒక కొలబద్ద కావలసివచ్చినది. బలమైన అయస్కాంత క్షేత్రమున సూదంటురాళ్లన్నిటిని ఒకే దిక్కునకు త్రిప్పి, అప్పటి సాక్ష్యమును కొలిచి, దానితో రెండవదానిని పోల్చిరి.

ఈ ప్రయోగమునకు వాడిన తుత్తములో మామూలు నీటికి బదులు భారజలము చేర్చిరి. మామూలు హైడ్రొజను న్యూట్రానులను నలుదిక్కులకు చెదరగొట్టి సాక్ష్యమును మసకబరచును. భారహైడ్రొజను అంతగా చెదరగొట్టదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు చెంత 1991లో పని ప్రారంభించిన కర్మాగారమున తయారగునది ఈ భారజలమే.

త్రికోణముల లెక్క

తగవు గల అయస్కాంతములలో లంకెను కొలుచుట మరింత కష్టము. అందరును ఒకేసారి చలించుచుండగా ఎవరి మాట ఎంతో విడదీయుట ఎట్లు? రాడు కొల్డియా ప్రభృతులు 2002లో దీనికి చక్కని ఉపాయము చూపిరి. సీసియము, రాగి, క్లోరిను గల ఒక స్ఫటికములో రాగి పరమాణువులు త్రికోణముల పొరలుగా ఉండును. పరమశూన్యమునకు చేరువలో బలమైన అయస్కాంత క్షేత్రము ప్రయోగించి సూదంటురాళ్లన్నిటిని ఒకే దిక్కునకు త్రిప్పినచో తగవు తాత్కాలికముగా అణగును. అప్పుడు ప్రతి లంకెయు విడివిడిగా కొలతకు చిక్కును. త్రికోణమున ఒక భుజము వెంబడి లంకె బలమైనదనియు, తక్కిన రెండు భుజముల వెంబడి అందులో సుమారు మూడవ వంతు మాత్రమే కలదనియు తేలినది. సభలో అందరు ఒకేసారి మాటలాడుచున్నపుడు ముందు సద్దుమణగజేసి, పిదప ఒక్కొక్కరిని అడుగుట వంటిది ఈ పద్ధతి.

బుట్ట అల్లికలోని వివాదము

మేదరులు వెదురు బద్దలతో ఆరు మూలల కన్నులు వచ్చునట్లు అల్లు బుట్టలను మనము చూచియున్నాము. ఆ కన్నుల చుట్టును చిన్న త్రికోణములుండును. జపాను దేశమున ఈ అల్లికకు కాగోమె అని పేరు. హెర్బర్ట్‌స్మిథైట్ అను ఖనిజములో రాగి పరమాణువులు సరిగా ఇట్టి అల్లికలో పొరలు తీరియున్నవి; పొరల నడుమ జింకు పరమాణువులున్నవి. ఇందు పొరుగువారి లంకె సుమారు 200 కెల్విను డిగ్రీల వేడికి సమానమైన బలము గలది. సాధారణముగా అంత చలికి చేరునప్పటికే సూదంటురాళ్లు ఒక అమరికకు రావలెను. కాని ఒక డిగ్రీలో ఇరువదవ వంతు వరకు చల్లబరచినను ఇవి స్థిరపడలేదు.

టియన్‌హెంగ్ హాన్, యంగ్ లీ ప్రభృతులు దీని స్ఫటికములను ఎంతో శ్రమతో పెంచి, న్యూట్రానులతో పరిశీలించి, విశాలమైన పట్టీ వంటి సాక్ష్యము లభించినదని 2012లో ప్రకటించిరి. స్పినానులు గల స్పిన్ ద్రవమునుండి రావలసిన సాక్ష్యము ఇట్టిదే.

అయినను విచారణ అంతటితో ముగియలేదు. జింకు ఉండవలసిన స్థానములలో సుమారు 15 శాతమునందు రాగి పరమాణువులు చొరబడి యున్నట్లు తేలినది. అతి తక్కువ శక్తి వద్ద లభించిన సాక్ష్యములో అధిక భాగము ఈ చొరబాటుదారులదేయని తరువాతి పరిశోధనలు చూపినవి. ఈ ద్రవమును కదలించుటకు కనీసము కొంత శక్తి కావలెనా, లేక ఎంత స్వల్ప శక్తియైనను చాలునా యను ప్రశ్నపై వేరొక పద్ధతితో చేసిన ప్రయోగములు 2015లో ఒక తీర్పును, 2020లో అందుకు విరుద్ధమైన తీర్పును ఇచ్చినవి. యిటర్బియము గల మరొక త్రికోణ స్ఫటికము విషయమునను ఇట్లే జరిగినది. 2016లో దానిని స్పిన్ ద్రవమని పలువురు భావించిరి. స్ఫటికములో పరమాణువుల అమరిక క్రమము తప్పియున్నను అట్టి సాక్ష్యమే రావచ్చునని పిదప ఇతరులు చూపిరి.

ఇందులో మనము గ్రహింపవలసిన నీతి కలదు. సాక్షి అబద్ధమాడలేదు. న్యూట్రాను తాను చూచినదే చెప్పినది. కాని ఒకే సాక్ష్యమునకు రెండు అర్థములు చెప్పవచ్చునపుడు, రెండవ అర్థమును తోసిపుచ్చకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు. మన గ్రామములలో గట్టు తగాదాలు విను పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు.

మన దేశమున జరిగిన కృషి

ఈ శాస్త్రము మన దేశమునకు క్రొత్తది కాదు. ముంబయి చెంత ట్రాంబేలో 1956 ఆగస్టు 4వ తేదీన అప్సర రియాక్టరు పనిచేయుట మొదలిడెను. ఆసియా ఖండమున ఇదియే మొదటిదిగా ప్రసిద్ధి చెందినది. కెనడాలో బ్రాక్‌హౌస్ వద్ద పనిచేసి వచ్చిన పి. కె. అయ్యంగారు గారు ట్రాంబేలో న్యూట్రాను పరిశోధనలకు నాయకత్వము వహించిరి. 1960లో ప్రారంభమైన సైరస్ రియాక్టరు 2010 వరకు పనిచేసినది. 1985లో 100 మెగావాట్ల ధ్రువ రియాక్టరు ప్రారంభమైనది. దాని చుట్టును న్యూట్రానులను కొలుచు పరికరములు అమర్చి, విశ్వవిద్యాలయముల పరిశోధకులకును అందుబాటులోనికి తెచ్చిరి.

తెలుగువారికిని ఇందు భాగము కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండి పేరొందిన సూరి భగవంతము గారు, స్ఫటికముల సౌష్ఠవమును బట్టి వాని అయస్కాంత గుణములు ఎట్లు నిర్ణయమగునో 1960ల దశకమున గణితము ద్వారా విచారించిరి. ఏ స్ఫటికములో ఏ లంకెకు తావు కలదో ముందుగా తెలిసికొనుటకు ఇట్టి గణితము నేటికిని ఆధారము.

ప్రయోజన మేమి?

ఇందువలన రేపు మన పొలమునకు నీరు రాదు, దీపము వెలుగదు. ఈ మాటను దాచుట మంచిది కాదు. కాని 1970లో నోబెల్ బహుమతి నందుకొన్నపుడు నీల్ స్వయముగా, తాను కనుగొన్న ఎదురుముఖపు పదార్థములు సిద్ధాంతరీత్యా రమ్యమైనవే గాని వానికి ఉపయోగమున్నట్లు తోచదని చెప్పెను. ఇరువది ముప్పది సంవత్సరములు గడచునప్పటికి కంప్యూటరు డిస్కులలో వ్రాసిన సమాచారమును చదువు పరికరములలో ఆ పదార్థములే పలుచని పొరలుగా చేరినవి.

1986లో కనుగొనబడిన రాగి ఆక్సైడు పదార్థములు, చాలినంత చల్లబరచినపుడు నష్టము లేకుండ విద్యుత్తును ప్రవహింపజేయును. అవి రాగి పరమాణువుల పొరలు గల పదార్థములే. స్పిన్ ద్రవమునకును ఆ గుణమునకును సంబంధము కలదని ఆండర్సన్ 1987లో సూచించెను. ఆ సంబంధము ఎంతవరకు నిజమో తేల్చుటకు పొరుగు పరమాణువుల లంకెను కొలువక తప్పదు.

ఇట్టి సాక్షిని పిలిపించు స్థలములు ప్రపంచమున కొలదిగానే కలవు. బెర్లినులోని రియాక్టరు, పారిసు చెంత సాక్లేలోని రియాక్టరు 2019లో మూతపడినవి. ఒక రియాక్టరును కట్టుటకు అనేక సంవత్సరములు పట్టును. దానిపై పనిచేయు నిపుణులను తయారు చేయుటకు ఒక తరము పట్టును. చెరువు కట్ట తెగిన తరువాత మరల పోయుట కంటె, ఉన్న కట్టను కాపాడుకొనుట మేలని మనకు తెలియును.

పంచాయతీ సభ్యులు తమ గ్రామ పాఠశాలకు వెళ్లినపుడు, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో వేడినీటిలో తుత్తమును కరగించి, దారము వ్రేలాడదీసి, నీలి స్ఫటికములను పెంచు ప్రయోగమును పిల్లలచే చేయింప కోరవచ్చును. తుత్తము విషము; నోట పెట్టరాదు, వంటపాత్రలలో ఉంచరాదు, పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనవలెను. కొలది దినములలో పెరిగిన ఆ స్ఫటికము లోపల పరమాణు సూదంటురాళ్లు దండలు కట్టియున్నవని చెప్పినచో, “ఎట్లు తెలిసినది?” అని ఏ బాలుడో బాలికయో తప్పక అడుగుదురు. ఆ ప్రశ్నను ఆదరించి సమాధానము చెప్పుడు. శాస్త్రమునకు మన గ్రామములు చేయగల సేవలలో ఇది చిన్నది కాదు.